యాస ఎంత, ఎక్కడ? ఉత్తరాంధ్ర కథకు భాషను ఎంచుకునేవారికి

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కూర్చుని కథ మొదలుపెట్టినవారికి మొదటి వాక్యంలోనే చిక్కు వస్తుంది. “ఏమిటి చెప్పమంటావు” అని రాయాలా, “ఏటి సెప్పమంటావు” అని రాయాలా? మొదటిది రాస్తే మన ఊరి మనిషి మాట్లాడినట్టుండదు. రెండోది రాస్తే కర్నూలు పాఠకుడు చదువుతాడో లేదోనన్న బెంగ. ఇలా ఊగిసలాడుతూ రాసిన కథలో సగం వాక్యాలు ఒక భాషలో, సగం ఇంకో భాషలో పడతాయి. చదివేవారికి తప్పు ఎక్కడుందో తెలియదు గానీ, కథ పట్టు దొరకడం లేదన్న సంగతి మాత్రం తెలిసిపోతుంది.

ఉన్న దారులు నాలుగు. మొత్తం పత్రికల భాషలో రాయడం ఒకటి. కథనం పత్రికల భాషలో ఉంచి, సంభాషణలు యాసలో రాయడం రెండోది. మొత్తం యాసలోనే చెప్పడం మూడోది. అక్షరక్రమం మామూలుగా ఉంచి, మాటనూ వాక్యపు నడకనూ ఊరిదిగా ఉంచడం నాలుగోది. ఈ నాలుగో దారిని వాడుకునేవారు తక్కువ. మొదటి కథలు రాసేవారికి ఎక్కువగా పనికొచ్చేది అదేనని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ముందు తేల్చుకోవలసినవి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, కథ చెబుతున్నది ఎవరు అన్నది. ఊళ్ళో పుట్టి ఊళ్ళోనే ఉన్న మనిషా, చదువుకుని బయటికి వెళ్ళి తిరిగి చూస్తున్నవాడా, బదిలీ మీద వచ్చిన టీచరా, ఎవరూ కాని మూడో మనిషా? కథనపు భాష ఆ మనిషిది. రచయిత అభిమానాన్ని చాటుకునే చోటు కాదది. యాస మీద ప్రేమతో, బయటివాడి నోట ఊరి మాట పెడితే అది వేషం వేసినట్టుంటుంది.

రెండోది, ఆ మనిషి ఎవరితో చెబుతున్నాడు? అరుగు మీద పక్కవాడితో చెబితే గెడ్డ పేరు చెప్పి ఊరుకుంటాడు. కొత్తవాడికి చెబితే అది ఎటు పారుతుందో కూడా చెబుతాడు.

మూడోది పొడవు. 1500 మాటల కథలో పాఠకుడు కొత్త అక్షరక్రమానికి అలవాటుపడేలోపే కథ అయిపోతుంది. 200 పేజీల నవలలో మొదటి పది పేజీలు గడిచాక చెవి అలవాటుపడుతుంది, కానీ ఆ పది పేజీలు దాటించడమే కష్టం. నాలుగోది, రాసింది ఎక్కడికి పోతుంది: పత్రికకా, పోటీకా, పుస్తకానికా, వినే కథగానా. అయిదోది మీ చెవి. ఇంట్లో రోజూ వింటున్న మాటా, చిన్నప్పుడు విని గుర్తున్న మాటా, పుస్తకాల్లో చదివి నేర్చిన మాటా అన్నది నిజాయితీగా తేల్చుకోవాలి.

ఒకే దృశ్యం, నాలుగు విధాలు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ పొద్దున ఒక తల్లి తలుపు తీసిన క్షణాన్ని తీసుకుందాం.

మొదటి దారి: “తెల్లవారకముందే లేచింది సూరమ్మ. తలుపు తీసి చూస్తే తోట లేదు. నలభై చెట్లలో మూడే నిలబడి ఉన్నాయి. చెన్నైలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, ‘అంతా పోయిందిరా’ అంది.”

రెండో దారిలో కథనం అదే. మారేది ఆమె మాట ఒక్కటే: “అంతా పోనాదిరా. మూడు సెట్లే నిల్సున్నాయి.”

మూడో దారి: “తెల్లారకముందే నెగిసినాను. తలుపు తీసి సూత్తే తోటే నేదు. నలభై సెట్లు. మూడంటే మూడే నిల్సున్నాయి. గుంటడు మదరాసులో ఉన్నాడు. ఫోను సేసి ఆడికి ఏటని సెప్పాల?”

నాలుగో దారి: “తెల్లారకముందే నెగిసింది సూరమ్మ. తలుపు తీసి చూస్తే తోటేదీ? నలభై చెట్లు. మూడంటే మూడే నిలబడున్నాయి. గుంటడు మదరాసులో ఉన్నాడు. ఫోను చేసి వాడికి ఏటని చెప్పాల?”

నాలుగోదాన్ని మళ్ళీ చదవండి. అక్షరాలు దాదాపు అన్నీ పత్రికల్లో కనిపించేవే. అయినా మనం సూరమ్మ తలలో ఉన్నాం. నెగిసింది, గుంటడు, ఏటని, చెప్పాల అన్న నాలుగు మాటలూ, ‘తోటేదీ?’ అన్న ప్రశ్నా ఆ పని చేశాయి. మొదటిదానిలో మనం ఆమెను గుమ్మం బయటి నుంచి చూస్తున్నాం.

| దారి | బయటి జిల్లా పాఠకుడికి | ఏ పొడవుకు | దిద్దుబాటు శ్రమ | ఎక్కడ దెబ్బ తింటుంది |
|---|---|---|---|---|
| మొత్తం పత్రికల భాష | ఇబ్బంది లేదు | ఎంతైనా | తక్కువ | మనుషులంతా ఒకేలా మాట్లాడతారు |
| సంభాషణలో మాత్రం యాస | కొంచెం ఆగుతాడు | ఎంతైనా | మధ్యస్థం | కథకుడు పైన, పాత్రలు కింద అన్నట్టు తయారవుతుంది |
| మొత్తం యాస | మొదట కష్టం | 1000 నుంచి 2500 మాటలు | చాలా ఎక్కువ | ఒక్క రూపం తప్పినా అతుకు కనిపిస్తుంది |
| మాట ఊరిది, అక్షరం మామూలుది | దాదాపు ఇబ్బంది లేదు | ఎంతైనా, నవలకు మరీ మేలు | మధ్యస్థం | సంపాదకుడు పొరపాటనుకుని దిద్దేస్తాడు |

మొత్తం పత్రికల భాష

ఇది పిరికి దారి అని కొందరంటారు. నేను ఒప్పుకోను. కథకుడు ఆ భాషలో ఆలోచించే మనిషైతే అదే సరైన భాష. బ్యాంకు మేనేజరు, విశాఖలో స్థిరపడ్డ ఇంజినీరు, విజయనగరం కోట దగ్గర పెరిగి నగరానికి వెళ్ళిన అమ్మాయి ఇలాంటివారు.

అయితే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ప్రమాణ భాష అని మనం పిలుచుకునేది కృష్ణా గోదావరి జిల్లాల్లో చదువుకున్నవారి వాడుక మీద నిలిచినది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆ పోరాటం మొదలైన నేల మాట మాత్రం ప్రమాణంలోకి పెద్దగా ఎక్కలేదు. చదువుకున్నవారి మాటలోనూ ఇక్కడి గుర్తులున్నాయి: వచ్చేడు, చెప్పేడు, వెళ్ళేడు. కథనమంతా ఈ ‘ఏడు’ రూపాల్లో నడిపితే ఏ పాఠకుడికీ అడ్డు రాదు, కథకుడు ఎక్కడివాడో తెలిసిపోతుంది. వాడితే మొదటి పేజీ నుంచి చివరి దాకా వాడాలి. మధ్యలో ‘వచ్చాడు’ అని ఒక్కటి పడ్డా ఆ ముద్ర పోతుంది.

సంభాషణలో మాత్రం యాస

అందరూ ముందుగా ఎంచుకునేది ఇదే. పని తేలిక, చదవడం తేలిక, సంపాదకులకూ అలవాటు. ఇందులో ఉన్న ప్రమాదం మాత్రం పైకి కనిపించదు. కథనం శుభ్రమైన భాషలో ఉండి, కూలివాడి మాట మాత్రం యాసలో ఉంటే, రచయిత ఉద్దేశం ఏదైనా పాఠకుడు మెట్ల వరస చూస్తాడు: పైన కథకుడు, కింద కూలివాడు. అదే కథలో బుగత (భూస్వామి) శుభ్రంగా మాట్లాడి కంబారి (పాలేరు) ఒక్కడే యాసలో మాట్లాడితే ఆ మెట్లు ఇంకా ఎత్తవుతాయి. నిజానికి ఊళ్ళో బుగత కూడా ఏటి, పోనాది అనే అంటాడు. తేడా ఉండేది అక్షరాల్లో కాదు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారన్న దానిలో, ఎవరి వాక్యం మధ్యలో తెగుతుందన్న దానిలో.

మందు ఇది. యాసను డబ్బూ చదువూ లేనివారికి మాత్రమే అంటగట్టకండి. టీచరమ్మ క్లాసులో ఒక రకంగా, వాళ్ళప్పతో ఫోనులో ఇంకో రకంగా మాట్లాడనివ్వండి. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు స్నేహితులతో ‘ఏంట్రా’ అని, ఇంటికి ఫోను చేయగానే ‘ఏటమ్మా’ అంటాడు. ఆ మారిన క్షణాన్ని పట్టుకుంటే పాత్ర గురించి ఒక పేరా వర్ణన రాసే పని తప్పుతుంది. గురజాడ తన ‘కన్యాశుల్కం’ నాటకంలో ఒక్కో పాత్రకు ఒక్కో తెలుగు ఇచ్చి, పైవారినీ కిందివారినీ వారి నోటి మాటతోనే నిలబెట్టారు. నూరేళ్ళు దాటినా మనుషులు గుర్తుండిపోయింది అందుకే.

మొత్తం యాస

నాలుగింటిలోకీ బలమైనదీ, కష్టమైనదీ ఇదే. ఒకే మనిషి తన గోడు తానే చెప్పుకుంటున్నప్పుడు, ఆ గోడు ఇంకో భాషలో చెబితే అబద్ధం అనిపించేటప్పుడు దీన్ని ఎంచుకోండి. మూడో మనిషి కథనానికి వద్దు. ఎవరో తెలియని కథకుడు యాసలో మాట్లాడితే పాఠకుడికి మొహం కనిపించదు.

ఇక్కడ చెవి పరీక్ష తప్పదు. ఉత్తరాంధ్ర యాస అని ఒక్కటి లేదు. ఉద్దానం మాట వేరు, బొబ్బిలి మాట వేరు, తీరంలో వలలు వేసేవారి మాట వేరు, ఒడియా కలిసే ఇచ్ఛాపురం మాట వేరు. మీ కథ ఏ ఊరిదో ఆ ఊరి మనిషి, మీరు రాస్తున్న వయసు మనిషి మాట్లాడుతుంటే అనుమతి అడిగి పది నిమిషాలు రికార్డు చేయండి. దాన్ని విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. గంటకు పైనే పడుతుంది. అది పూర్తయ్యేసరికి మీరు ఊహించి రాసే యాసకూ నిజానికీ ఎంత దూరమో తెలుస్తుంది. ముఖ్యంగా అక్షరాల కన్నా వాక్యాల తీరు గమనించండి: ఎక్కడ మాట మళ్ళీ చెబుతున్నారు, ఎక్కడ ప్రశ్న వేసి తామే జవాబు చెప్పుకుంటున్నారు, ఎక్కడ క్రియ లేకుండానే ఆపేస్తున్నారు.

సవర భాష సంగతి వేరు. అది తెలుగు యాస కాదు, ముండా కుటుంబానికి చెందిన భాష. సవర పాత్ర తన ఇంట్లో మాట్లాడే మాటను విరిగిన తెలుగులో రాయడం తప్పు. తన భాషలో మాట్లాడుకుంటున్నప్పుడు నిండైన తెలుగులోనే రాయండి. సంతలో తెలుగు మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రమే తడబాటు చూపండి.

మాట ఊరిది, అక్షరం మామూలుది

ఈ దారిలో చ ను స చేయరు, వెళ్ళు ను ఎల్లు చేయరు. ఊరి మాటలు, ఊరి క్రియలు, ఊరి వాక్యాల నడక మాత్రం కథనంలోకే వస్తాయి. కథకుడు పాత్ర భుజం వెనకే నిలబడి ఉంటాడు. మెట్ల సమస్య పోతుంది, ఎందుకంటే కథనమూ సంభాషణా ఒకే ఇంటివి.

దీనికి పెట్టుబడి పదజాలం. గెడ్డ, మదుం, కల్లం, కంబారి, చోడి అంబలి, జీడిపిక్క వంటి మాటలు సరైన చోట పడాలి. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంలో వ్యవసాయ పదాలు, తర్వాతి సంపుటంలో చేనేత పదాలు ప్రాంతాల వారీగా ఉన్నాయి. పొందూరు నేత కథ రాసేవారు రెండోదాన్ని తప్పక చూడాలి.

జాగ్రత్త పడవలసినవి బొత్తిగా తెలియని మాటలు కాదు. ఇంకో చోట ఇంకో అర్థం ఉన్న మాటలే ముంచుతాయి. గుంట అంటే మనకు పిల్ల. తెలంగాణలో అది నేల కొలత, ఎకరానికి నలభై. మిగతా చోట్ల గొయ్యి. పిక్క అంటే మనకు గింజ, బయట కాలి పిక్క. “గుంట ఏడుస్తోంది” అంటే ఎవరికైనా తెలుస్తుంది, “గుంటని చూడు” అంటే తెలియదు. ఇలాంటి మాట మొదటిసారి వచ్చిన వాక్యంలోనే పని చేస్తూ కనిపించాలి. “మోకాల్లోతు గెడ్డ దాటేసరికి పంచె తడిసిపోయింది” అన్నాక గెడ్డకు అర్థం రాయనక్కర్లేదు. “మదుం తలుపు ఎత్తేసరికి చెరువు నీళ్ళు కాలవలోకి దూకాయి” అన్నా అంతే. కింద అర్థాల పట్టీ ఇచ్చారంటే, ఆ వాక్యం ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

మీరెవరైతే ఏది

మొదటి కథ రాస్తున్నారా? నాలుగో దారితో మొదలుపెట్టండి. తప్పినా దిద్దుకోవడం సులువు.

ఊరు వదిలి పాతికేళ్ళయిందా? మీ చెవిలో ఉన్నది పాతికేళ్ళ కిందటి మాట. కథను ఆ కాలంలోనే నడపండి, అప్పుడు మూడో దారి కూడా మీకు పనికొస్తుంది. ఇవాళ్టి కుర్రాడి కథైతే యాస పూర్తిగా రాయొద్దు.

ఉద్యోగం మీద ఈ జిల్లాలకు వచ్చినవారికి రెండో దారి బాగా కుదురుతుంది, ఒక షరతు మీద. కథకుణ్ణి మీలాంటి బయటివాణ్ణే చేయండి, కొన్ని మాటలు అతనికి అర్థం కాకుండా పోనివ్వండి. అప్పుడు కథనానికీ సంభాషణకూ ఉన్న దూరం లోపం కాదు, కథావస్తువే.

నవలకు నాలుగో దారి. ఒకటి రెండు అధ్యాయాలు ఒక పాత్ర నోటితో మూడో దారిలో పెట్టుకోవచ్చు. పోటీలకు పంపేవారు, న్యాయనిర్ణేతలు వరసగా ఎన్నో కథలు చదువుతారని మరవకండి. మొదటి అరపేజీ తడుముకోకుండా సాగాలి. తేల్చుకోలేనివారు ఒక రోజు శ్రీకాకుళం వెళ్ళి కథానిలయంలో కూర్చోండి. కాళీపట్నం రామారావు పూనికతో 1997 ఫిబ్రవరి 22న తెరుచుకున్న ఈ గ్రంథాలయంలో పాత పత్రికల కథలు దొరుకుతాయి. ఒకే దశాబ్దంలో మన ప్రాంతపు కథకులు కథనాన్ని ఎన్ని రకాలుగా నడిపారో పక్కపక్కన పెట్టుకుని చూస్తే, సగం సందేహాలు అక్కడే తీరతాయి.

రూపాల కాగితం

యాస అక్షరాల్లోకి వచ్చే రెండు, మూడు దారుల్లో ఒక పేజీ కాగితం ముందు సిద్ధం చేసుకోవాలి. ఏ మార్పులు రాస్తాను, ఏవి రాయను అన్న ఒప్పందం అది. ఆరు నుంచి ఎనిమిది మార్పులు చాలు. ఉదాహరణకు: నేను బదులు నాను, లేదు బదులు నేదు, ఏమిటి బదులు ఏటి, పోయింది బదులు పోనాది, చేసేశాడు బదులు సేసీసినాడు, వెళ్ళు బదులు ఎల్లు, మాట మొదటి చ బదులు స.

ఈ చివరిదే ఎక్కువమందిని పడేస్తుంది. చెప్పు సెప్పు అవుతుంది, చీకటి సీకటి అవుతుంది. మాట మధ్యలో వచ్చే చ్చ మాత్రం మారదు. చచ్చిపోయాడు అన్నది సచ్చిపోనాడు అవుతుంది, సస్సిపోనాడు కాదు. కంప్యూటర్లో అన్ని చ లనూ ఒకేసారి స గా మార్చే ప్రయత్నం చేస్తే ఇలాంటి తప్పులు కుప్పలుగా పడతాయి. చేత్తోనే మార్చండి.

ళ ను ల గా మార్చే ముందు రెండుసార్లు ఆలోచించండి. ‘కళ్ళు ఎర్రబడ్డాయి’ని ‘కల్లు’ అని రాస్తే పాఠకుడు తాటిచెట్టు వైపు చూస్తాడు. ఉచ్చారణ అదే అయినా, అర్థం చెడే చోట అక్షరం మామూలుగానే ఉంచాలి. వెళ్ళును ఎల్లు అని రాసినా ఇబ్బంది లేదు, ఇంకో మాటతో కలవదు.

గొంతుతో టైపు చేసే సౌకర్యం ఈ పనికి పనికిరాదు. మీరు సెప్పు అన్నా అది చెప్పు అనే రాస్తుంది. ఫోను కీబోర్డు దిద్దుబాట్లను కూడా ఆపేసుకోండి.

రాత పూర్తయ్యాక ఇద్దరికి ఇవ్వండి. ఊరి మనిషికి చదివి వినిపించండి. నవ్వకూడని చోట నవ్వితే అక్కడ యాస అతిగా ఉంది. అనంతపురమో కరీంనగరో మనిషికి కాగితం ఇచ్చి, ఆగిన చోటల్లా గీత గీయమనండి. పేజీకి ఒకటి రెండు గీతలుంటే ఫరవాలేదు. అయిదు దాటితే మళ్ళీ రాయాలి.

పత్రిక, ప్రెస్సు, ఆడియో

యాస కథకు అసలు గండం అచ్చులో ఉంది. చాలా ప్రెస్సులు యూనికోడ్‌లో వచ్చిన రాతను, యూనికోడ్ కాని పాత పద్ధతి ‘అను’ ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతాయి. ఆ మార్పిడిలో ఒత్తులు జారిపోతాయి. మామూలు మాటైతే ప్రూఫ్ చూసేవారు పట్టుకుంటారు. యాస మాటైతే ఏది తప్పో ఏది మీరు కావాలని రాసిందో వారికి తెలియదు. నేదును లేదు చేస్తారు, నిజమైన తప్పును యాస అనుకుని వదిలేస్తారు. అందుకే రూపాల కాగితం రాతప్రతితో పాటే వెళ్ళాలి, మార్పిడి అయ్యాక చివరి ప్రూఫ్ మీరే చూడాలి. పుస్తకమైతే ఇది ఒప్పందంలో పెట్టించుకోండి.

మూడో దారిలో రాసిన కథకు వినే రూపంలో మంచి విలువ ఉంది. కంటికి అడ్డు తగిలే అక్షరాలు చెవికి అడ్డు రావు. కాబట్టి ఆడియో హక్కును అచ్చు హక్కుతో కలిపి ఇచ్చేయకండి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత పైకం అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా లెక్క. అచ్చు, ఆడియో, అనువాదం, నాటకం దేనికది విడిగా రాయించుకోండి. ఆడియో ఒప్పందంలో ఇంకో మాట చేర్చించండి: చదివేవారిని ఎంచుకునే ముందు ఒక పేజీ నమూనా మీకు వినిపించాలి. పరాయి గొంతు ఈ యాసను హాస్యపు సాగదీతతో చదివితే తల్లి ఏడుపు కూడా నవ్వులాట అయిపోతుంది.

పత్రికకు పంపేటప్పుడు కథ పైన మూడు వాక్యాలు చాలు: “ఈ కథలోని సంభాషణలు ఉద్దానం వాడుకలో ఉన్నాయి. నేదు, పోనాది, సేసీసి వంటి రూపాలు ఉద్దేశపూర్వకమైనవి, జాబితా జత చేశాను. మార్పు అవసరమనిపిస్తే అచ్చుకు ముందు తెలియజేయగలరు.” కింద ఫోను నంబరు రాయడం మరవకండి.